ఏసీ గేజు మీది అంకెలు: కారులో గ్యాస్ ఎంత ఉందో ప్రెషర్ చెబుతుందా?

మార్చి దాటి ఎండ ముదిరేకొద్దీ నెల్లూరులో, ఒంగోలులో కారు ఏసీ షాపుల ముందు బండ్లు బారులు తీరతాయి. మెకానిక్ బానెట్ ఎత్తి, నీలి పైపు ఒకచోట, ఎర్ర పైపు ఒకచోట తగిలించి, గేజులు చూసి, "గ్యాస్ తగ్గింది సార్, కొట్టిస్తే సరిపోద్ది" అంటాడు. "ఏందన్నా, పోయినేడే గదా కొట్టించింది!" అని ఓనరు. అదే బండిని సాయంత్రం ఇంకో షాపులో చూపిస్తే, "గ్యాస్ ఎక్కువైంది, కొంత తియ్యాల" అంటారు. ఇద్దరూ చూసింది అవే రెండు ముళ్లు. ఇందులో ఒకరు మోసం చేస్తున్నారని వెంటనే అనుకోనక్కర్లేదు. ఆ ముళ్లు గ్యాస్ పరిమాణాన్ని చూపిస్తాయని అందరం నమ్మేశాం, తికమక అక్కడే పుడుతోంది. అవి చూపించేది ప్రెషర్ మాత్రమే. ఆ ప్రెషర్ వెనక ఉన్నది ఉష్ణోగ్రత.

ప్రతి ప్రెషర్ వెనకా ఒక ఉష్ణోగ్రత

మన రోడ్ల మీద తిరిగే కార్లలో ఎక్కువ భాగం ఆర్-134ఏ అనే గ్యాస్‌తో నడుస్తాయి. బయట గాలిలో వదిలితే అది మైనస్ 26 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతుంది. మూసిన గొట్టంలో కొంత ద్రవంగా, కొంత ఆవిరిగా కలిసి ఉన్నప్పుడు మాత్రం ఒక నియమం పాటిస్తుంది: ఒక ఉష్ణోగ్రతకు ఒకే ప్రెషర్. సున్నా డిగ్రీల దగ్గర సుమారు 28 పీఎస్ఐ (టైర్లలో గాలి కొలిచే అదే ప్రెషర్ కొలమానం), 10 డిగ్రీలకు 45, 35 డిగ్రీలకు 114, 45 డిగ్రీలకు 153, 60 డిగ్రీలకు 229. బండి ఏ కంపెనీదైనా, చిన్నదైనా పెద్దదైనా ఈ అంకెలు మారవు.

గేజును దగ్గరగా చూస్తే ఈ సంగతి దాని ముఖం మీదే రాసి ఉంటుంది. బయటి వలయంలో పీఎస్ఐ అంకెలు. వాటి లోపల చిన్న అక్షరాలతో రెండు మూడు రంగుల వలయాలు, ఒక్కొక్క గ్యాస్‌కు ఒక్కొక్కటి. అవన్నీ డిగ్రీలే. నీలి గేజులో సున్నాకు అవతల వ్యాక్యూమ్ కొలిచే భాగం ఉంటుంది, ఎర్ర గేజు 500 దాకా పోతుంది. చాలామంది బయటి వలయం ఒక్కటే చూసి వదిలేస్తారు. నా దృష్టిలో అసలు సమాచారం లోపలి వలయంలోనే ఉంది. చూసేటప్పుడు ఆర్-134ఏ వలయాన్నే చూడాలి. పక్కనే ఉన్న ఆర్-22 వలయంతో చదివితే లెక్క మొత్తం తప్పుతుంది.

ఏసీ తిరిగే తీరు చూస్తే రెండు గేజులు ఎందుకో తెలుస్తుంది. కంప్రెసర్ ఆవిరిని నొక్కి వేడిగా కండెన్సర్‌లోకి పంపుతుంది. రేడియేటర్ ముందుండే ఆ జాలీలో గ్యాస్ తన వేడిని బయటి గాలికి ఇచ్చేసి ద్రవమవుతుంది. ద్రవం, తేమను పీల్చుకునే డ్రయ్యర్ దాటి ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లోని సన్న రంధ్రం గుండా బయటపడి, డ్యాష్‌బోర్డు వెనక ఉన్న కూలింగ్ కాయిల్‌లో మరుగుతుంది. మరగడానికి కావలసిన వేడిని క్యాబిన్ గాలి నుంచి లాక్కుంటుంది. మనకు తగిలే చల్లదనం అదే. నీలి గేజు కాయిల్ వైపు, అంటే లో సైడ్. ఎర్ర గేజు కండెన్సర్ వైపు, అంటే హై సైడ్. లో సైడ్‌లో 30 కనిపిస్తే కాయిల్‌లో గ్యాస్ దాదాపు 2 డిగ్రీల దగ్గర మరుగుతోందని అర్థం. హై సైడ్‌లో 230 కనిపిస్తే కండెన్సర్‌లో 60 డిగ్రీల దగ్గర చల్లారి ద్రవమవుతోందని అర్థం.

ఇంజను ఆపి చూసిన ప్రెషర్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

ఇంజను ఆపి చాలాసేపు వదిలేస్తే రెండు వైపులా ప్రెషర్ సమానమవుతుంది. నీడలో 35 డిగ్రీలు ఉన్న రోజు రెండు ముళ్లూ 114 దగ్గర నిలుస్తాయి. "ప్రెషర్ ఫుల్లుగా ఉంది, గ్యాస్ బాగుంది" అనే మాట ఇక్కడే పుడుతుంది.

ఇంట్లో వంటగ్యాస్ బండను గుర్తు తెచ్చుకోండి. అడుగున కాస్త ద్రవం మిగిలి ఉన్నంతసేపూ మంట మామూలుగానే వస్తుంది. ఎంత మిగిలిందో తెలియాలంటే బండను ఎత్తి బరువు చూడాల్సిందే. కారులోనూ అంతే. 450 గ్రాములు పట్టే బండిలో లీకై 200 గ్రాములే మిగిలినా, ఇంకా కొంత ద్రవం ఉంటుంది కాబట్టి ఆ 35 డిగ్రీల నీడలో గేజు 114 దగ్గరే ఉంటుంది. ద్రవమంతా అయిపోయి ఆవిరి మాత్రమే మిగిలాకనే ముల్లు దిగడం మొదలుపెడుతుంది. అప్పటికి ఏసీ చల్లదనం పోయి చాలా రోజులై ఉంటుంది.

అయినా ఈ కొలతకు విలువ లేదనలేం. పొద్దున్నే చల్లటి ఇంజను, నీడ, 30 డిగ్రీలు. అప్పుడు గేజు 97 చూపాలి. 115 చూపిస్తే? ఆ పైనున్న 18 పీఎస్ఐ ఆర్-134ఏది కాదు. వ్యాక్యూమ్ సరిగా కొట్టకుండా, అంటే లోపలి గాలినీ తేమనూ పంపుతో పూర్తిగా లాగెయ్యకుండా గ్యాస్ నింపినందువల్ల గొట్టాల్లో మిగిలిన గాలి అయ్యుండాలి, లేదా వేరే గ్యాస్ కలిసి ఉండాలి. 80 చూపిస్తే లోపల ద్రవమే మిగల్లేదని అర్థం. అంటే ఆపి ఉన్న బండి ప్రెషర్ గ్యాస్ ఎంతుందో చెప్పదు గానీ, స్వచ్ఛంగా ఉందో లేదో చెబుతుంది. ఈ చిన్న పరీక్షను చాలా షాపులు వదిలేస్తాయి. వదలకపోతే ఎంతో మేలు.

పొద్దున ఒక అంకె, మధ్యాహ్నం ఒక అంకె

బండి నడుస్తున్నప్పుడు గేజు చదవాలంటే బయట ఎండ ఎంతో తెలియాలి. కండెన్సర్‌లోని గ్యాస్ బయటి గాలికన్నా వేడిగా ఉంటేనే వేడి బయటకు పోతుంది. కండెన్సర్ బాగున్న బండిలో ఈ తేడా సుమారు 15 నుంచి 20 డిగ్రీలు.

మే నెలలో ఒంగోలు. పొద్దున ఏడింటికి 29 డిగ్రీలు. గ్యాస్ 44 నుంచి 49 డిగ్రీల దగ్గర ద్రవమవుతుంది, హై సైడ్ 150 నుంచి 170 పీఎస్ఐ చూపుతుంది. అదే బండి, అదే గ్యాస్, మధ్యాహ్నం రెండింటికి 42 డిగ్రీలు. హై సైడ్ 220 నుంచి 240కి ఎక్కుతుంది. ఫ్యాన్ బలహీనంగా ఉండి బండి నిలబడి ఉంటే ఇంకా పైకి పోతుంది. లో సైడ్ కూడా కదులుతుంది. పొద్దున 30 ఉన్నది, ఎండలో నిలబెట్టి కాలిపోయిన క్యాబిన్‌ను చల్లార్చే మొదటి నిమిషాల్లో 45 దాకా పోవడం మామూలే.

ఇప్పుడు "హై సైడ్ 230 రావాలి" అని ఒకే అంకె మనసులో పెట్టుకున్న మనిషి పొద్దున్నే ఈ బండికి గ్యాస్ ఎక్కిస్తే ఏమవుతుంది? 160 దగ్గర సరిపోయి ఉన్న బండిలో 230 వచ్చేదాకా ఎక్కిస్తూనే ఉంటాడు. మధ్యాహ్నానికి ముల్లు 300 దాటిపోతుంది. మొదట్లో చెప్పిన రెండు షాపుల గొడవకు ఇదొక కారణం. ఒకాయన పొద్దున చూశాడు, ఒకాయన ఎండలో చూశాడు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు పనికొచ్చే అంకె మాఘమాసపు పొద్దుకు పనికిరాదు.

రెండు ముళ్లను జతగా చదివితే

ఒక్క గేజు సగం మాటే చెబుతుంది. బయట 38 డిగ్రీలు ఉన్న రోజు నాలుగు బండ్లు వచ్చాయనుకుందాం.

మొదటి బండి: లో సైడ్ 18, హై సైడ్ 140. ఆర్-134ఏ లెక్కలో 140 అంటే 42 డిగ్రీలు. బయటి గాలికన్నా నాలుగు డిగ్రీలే ఎక్కువ. కండెన్సర్‌కు వదిలించుకోవడానికి వేడే అందడం లేదు, అంటే తిరిగే గ్యాస్ తక్కువ. నిజంగానే గ్యాస్ తగ్గిన బండి ఇలా ఉంటుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లోనో డ్రయ్యర్‌లోనో అడ్డం పడినా దాదాపు ఇలాగే కనిపించొచ్చు కాబట్టి, పైపుల్లో ఒకచోట ఉన్నట్టుండి చల్లబడి చెమట పట్టిందేమో కూడా చూడాలి.

రెండో బండి: లో సైడ్ 58, హై సైడ్ 330. అంటే గ్యాస్ 75 డిగ్రీల దగ్గర ఉంది, తేడా 37 డిగ్రీలు. గ్యాస్ ఎక్కువైందా, కండెన్సర్‌కు గాలి ఆడడం లేదా, లోపల గాలి చేరిందా? మూడూ ఇదే జతను చూపిస్తాయి. కండెన్సర్ మీద నీళ్లు చల్లగానే ముల్లు జారిపోయి క్యాబిన్ చల్లబడితే, మొదట అనుమానించాల్సింది ఫ్యాన్‌ను, కండెన్సర్ మీది మురికిని. లోపల గాలి ఉందో లేదో మర్నాడు పొద్దున ఆపి ఉన్న ప్రెషర్ చెబుతుంది. ఆ రెండూ కాదని తేలాకనే గ్యాస్ ఎక్కువైందనే మాటకు రావాలి.

ఈ జత మన ప్రాంతంలో ఎందుకంత ఎక్కువగా కనిపిస్తుందంటే కారణాలు కళ్ల ముందే ఉన్నాయి. చీమకుర్తి క్వారీల వైపు తిరిగే బండ్ల కండెన్సర్ రెక్కల్లో గ్రానైట్ పొడి పేరుకుంటుంది. వరికోతల రోజుల్లో నెల్లూరు పల్లె రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు, పొట్టూ నూగూ ఎగిరి జాలీలో ఇరుక్కుంటాయి. పైనుంచి చూస్తే శుభ్రంగానే ఉంటుంది. కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య టార్చి వేసి చూస్తే పొట్టు పరుపులా పేరుకుని కనిపిస్తుంది. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉప్పు గాలికి అల్యూమినియం రెక్కలే తెల్లగా పొడిపొడిగా రాలిపోతాయి. రెక్కలు పోయిన కండెన్సర్‌ను ఎంత కడిగినా లాభం లేదు. ఇలాంటి బండికి "చల్లగా లేదు" అని గ్యాస్ ఎక్కిస్తే కంప్రెసర్ మీద మరింత బరువు పడుతుంది.

మూడో బండి: లో సైడ్ 70, హై సైడ్ 150. రెండూ ఒకదాని వైపు ఒకటి జరిగాయి. కంప్రెసర్ నొక్కలేకపోతోంది. ఇక్కడ గ్యాస్ కొట్టించడం డబ్బు దండగ.

నాలుగో బండి: మొదట అంతా బాగుంటుంది. పదిహేను ఇరవై నిమిషాలకు లో సైడ్ సున్నా దాటి వ్యాక్యూమ్‌లోకి పోతుంది, చల్లదనం పోతుంది. ఆపి కాసేపు వదిలి మళ్లీ వేస్తే మామూలే. లోపలి తేమ ఎక్స్‌పాన్షన్ వాల్వ్ రంధ్రం దగ్గర మంచుగా గడ్డకట్టి దారి మూస్తుంది, ఆపితే కరుగుతుంది. డ్రయ్యర్ పని అయిపోయిందనీ, వ్యాక్యూమ్ చాలినంతసేపు కొట్టలేదనీ దీని అర్థం.

ఉక్కపోత కూడా గేజు మీద కనిపిస్తుంది

నెల్లూరులో 35 డిగ్రీలు ఉన్న రోజు, లోపలి మెట్టలో 40 డిగ్రీలు ఉన్న రోజుకన్నా ఏసీ ఎక్కువ ఆయాసపడడం చాలామంది గమనించే ఉంటారు. చిన్న లెక్క చూద్దాం. 35 డిగ్రీలు, 65 శాతం తేమ ఉన్న కిలో గాలిని 10 డిగ్రీలకు దింపాలి. గాలిని చల్లార్చడానికే అయితే సుమారు 25 కిలోజౌళ్లు చాలు. కానీ ఆ దారిలో దాదాపు 15 గ్రాముల నీరు కాయిల్ మీద చుక్కలుగా మారుతుంది, దానికి మరో 37 కిలోజౌళ్లు కావాలి. అంటే ఏసీ చేసే పనిలో సగానికి మించి నీటిని పిండడానికే పోతోంది. కారు కింద కారే ధార ఆ నీరే.

అందుకే బయటి గాలి లోపలికి తీసుకునే మోడ్‌లో ఉంచి చూసిన గేజుకూ, లోపలి గాలినే తిప్పే మోడ్‌లో చూసిన గేజుకూ తేడా వస్తుంది. ఉక్కపోత రోజు రెండు ముళ్లూ కాస్త పైన ఉంటే అది జబ్బు కాదు.

కొత్త కంప్రెసర్లతో వచ్చిన చిక్కు

పాత కంప్రెసర్ టక్కుమని అతుక్కుంటుంది, టక్కుమని వదిలేస్తుంది. లో సైడ్ ముల్లు దాంతోపాటే ఊగుతుంది. ఇప్పుడు చాలా కార్లలో అవసరాన్ని బట్టి తన పంపింగ్‌ను తానే తగ్గించుకునే కంప్రెసర్లు వస్తున్నాయి. లో సైడ్‌ను దాదాపు 30 పీఎస్ఐ దగ్గర నిలబెట్టడమే వాటి పని. గ్యాస్ కొంత తగ్గినా అవి పంపింగ్ తగ్గించుకుని ముల్లును అక్కడే ఉంచుతాయి. ఇలాంటి బండిలో లో సైడ్ ఒక్కటే చూసి "పర్ఫెక్ట్" అనడానికి వీల్లేదు. హై సైడ్, ఏసీ గాలి రంధ్రం దగ్గర థర్మామీటర్, పైపుల వేడి అన్నీ కలిపి చూడాలి.

గేజు చూసి నింపాలా, తూకం వేసి నింపాలా?

దీని మీద మెకానిక్‌లలోనే రెండు పక్షాలు ఉన్నాయి. తూకం పక్షం వాదన సూటిగా ఉంటుంది. బానెట్ కింద స్టిక్కర్ మీద గ్యాస్ ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది. ఉన్నదంతా యంత్రంలోకి లాగి, వ్యాక్యూమ్ కొట్టి, సరిగ్గా అన్ని గ్రాములే పంపితే ఎండతో, తేమతో, మనిషి అంచనాతో పనిలేదు. ఇప్పటి చిన్న కార్లకు 350 నుంచి 500 గ్రాములే పడుతుంది. అందులో 50 గ్రాముల తేడా అంటే పదో వంతు, లేదా అంతకు పైనే.

గేజు పక్షం మాటలోనూ నిజముంది. చిన్న ఊళ్లో గ్యాస్ వెనక్కి లాగే యంత్రం అందరూ కొనలేరు. పాత బండ్ల స్టిక్కర్లు ఎప్పుడో ఊడిపోయాయి. కండెన్సర్ మార్చినప్పుడు వేరే సైజుది వేస్తే స్టిక్కర్ మీది అంకె కూడా అక్కరకు రాదు. అనుభవం ఉన్న చేయి లో సైడ్ పైపు చల్లదనాన్ని, హై సైడ్ వేడిని పట్టి చూసి చెప్పేది గాలివాటు మాట కాదు. పైగా ఎక్కువ గ్యాస్ పట్టే పాత సిస్టమ్‌లు కాస్త అటూ ఇటూ అయినా తట్టుకునేవి. వాటి మీద పని నేర్చుకున్నవాళ్లకు గేజు చాలింది.

నాకు తూకమే న్యాయంగా తోస్తుంది. గేజును జబ్బు కనుక్కోవడానికి ఉంచుకోవాలి, మోతాదును త్రాసుకు వదలాలి. దీనికి పెద్ద యంత్రమే కావాలని లేదు. సిలిండర్‌ను ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి నింపే చిన్న షాపులు కూడా ఉన్నాయి.

ఏడాదికోసారి గ్యాస్ కొట్టించాలా?

కారు ఏసీ మూసిన వలయం. గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. అయితే ఇంట్లో ఫ్రిజ్‌లా అంతా అతికిన లోహం కూడా కాదు. రబ్బరు గొట్టాలు, జాయింట్లు, కంప్రెసర్ ఇరుసు దగ్గరి సీలు, వీటిలోంచి ఏళ్ల తరబడి కొన్ని కొన్ని గ్రాములు జారిపోతాయి. అయిదారేళ్ల బండిలో కాస్త తగ్గడం సహజం. ఒక్క ఏడాదిలో చల్లదనం పోయిందంటే అది లీకే.

లీకు తన జాడ తానే వదులుతుంది. గ్యాస్‌తోపాటు కంప్రెసర్ ఆయిల్ కొద్దిగా బయటకు వస్తుంది. జాయింటు చుట్టూ నూనె మరక, దాని మీద అతుక్కున్న నల్లటి దుమ్ము కనిపిస్తుంది. అది వదిలేసి పైన గ్యాస్ ఎక్కిస్తూ పోతే ఆయిల్ లెక్క కూడా తప్పిపోతుంది.

బయటకు పోయిన గ్యాస్ ఊరికే పోదు. ఆర్-134ఏ భూమిని వేడెక్కించే శక్తి వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 1,430 రెట్లు. 450 గ్రాములు గాలిలో కలిస్తే 640 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు, అంటే దాదాపు 280 లీటర్ల పెట్రోలు కాల్చినట్టు. అందుకే 2016 కిగాలి ఒప్పందం ప్రకారం ఈ రకం గ్యాస్‌లను తగ్గించాలి. మన దేశం దాన్ని 2021లో ఆమోదించింది, 2032 నుంచి అంచెలంచెలుగా తగ్గించి 2047కు 85 శాతం కోత పెట్టాలి. యూరప్‌లో 2017 నుంచి కొత్త కార్లకు ఆర్-134ఏ వాడకూడదు, అక్కడ ఆర్-1234వైఎఫ్ వచ్చింది. దాని ప్రెషర్లు దగ్గరదగ్గరగానే ఉన్నా ఒకటి కావు, తగిలించే కప్లర్లూ వేరు.

నకిలీ గ్యాస్ సంగతి ఇంకా ప్రమాదం. 2011లో వియత్నాం, బ్రెజిల్‌లలో శీతల కంటైనర్ల యంత్రాలు పేలి మనుషులు చనిపోయారు. ఆర్-134ఏ పేరుతో నింపిన గ్యాస్‌లో మిథైల్ క్లోరైడ్ కలిసిందనీ, అది అల్యూమినియంతో చర్య జరిపిందనీ తేలింది. మన రొయ్యలు దేశాలు దాటేది అలాంటి కంటైనర్లలోనే. కొన్ని నకిలీ మిశ్రమాలను ప్రెషర్ అసలు గ్యాస్‌కు దగ్గరగా వచ్చేట్టు కలుపుతారు. వాటిని గేజు పట్టుకోలేదు, గ్యాస్‌ను గుర్తించే పరికరమే కావాలి.

ముళ్లు బాగున్నా గాలి చల్లగా రాకపోతే

38 డిగ్రీల రోజున లో సైడ్ 32, హై సైడ్ 215. లో సైడ్ పైపు ముట్టుకుంటే చల్లగా, మీద నీటి చుక్కలు. లోపల మాత్రం గోరువెచ్చని గాలి. ఈ బండికి గ్యాస్‌తో పనేమీ లేదు. డ్యాష్‌బోర్డు లోపల వేడి గాలినీ చల్లగాలినీ కలిపే ఫ్లాప్ ఇరుక్కుని ఉండొచ్చు, దాన్ని తిప్పే చిన్న మోటారు పోయి ఉండొచ్చు, హీటర్ వాల్వ్ మూసుకోక వేడి నీళ్లు లోపలికి వస్తుండొచ్చు. గాలి చల్లగా ఉండి జోరు లేకపోతే ముందు చూడాల్సింది గ్లవ్ బాక్స్ వెనకున్న క్యాబిన్ ఫిల్టర్. దాన్ని తీసి చూస్తే ఆకులూ దుమ్మూ కలిసి అట్టకట్టి ఉండడం తరచూ కనిపించేదే.